మాట వినే ఫోను

పోయిన సంక్రాంతి సెలవుల్లో నేను మా బాబాయ్‌కి పదిహేను వేల రూపాయలు నష్టం చేశాను. మా క్లబ్బులో కథలు, కవితలు రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి నేను ఆ నష్టం గురించి రాస్తాను. మనలో చాలామందికి ఇలాంటి పని ఎప్పుడో ఒకప్పుడు నెత్తిన పడుతుంది. ఇంజనీరింగ్ చదువుతున్నామంటే చాలు, ఫ్యాను రిపేరు నుంచి ఆఫీసు ఫోన్ల దాకా అన్నీ మనకి తెలుసనుకుంటారు ఇంట్లోవాళ్ళు.

మా బాబాయ్‌కి గుంటూరులో డయాగ్నస్టిక్ సెంటరుంది. రక్త పరీక్షలు, ఎక్స్‌రే, ఈసీజీ, స్కానింగు. మొత్తం ఆరు చోట్ల ఫోన్లు కావాలి. ఇన్నాళ్ళూ రెండు ల్యాండ్‌లైన్లు, గోడకి బిగించిన పాత ఈపీఏబీఎక్స్ డబ్బాతో నడిచింది. వానాకాలంలో ఆ డబ్బా పోయింది. బాగుచేసే ఆయన వచ్చి చూసి "దీనికి పార్టులు రావట్లేదండీ" అనేశాడు. దాంతో బాబాయ్ క్లౌడ్ ఫోన్ సర్వీసు తీసుకున్నాడు. అంటే ఎక్స్ఛేంజి మన గోడ మీద ఉండదు, సర్వీసు ఇచ్చేవాళ్ళ డేటా సెంటర్లో ఉంటుంది. "రిపోర్టుల కోసం ఒకటి నొక్కండి" అని చెప్పే గొంతు, కాల్ రికార్డింగు, ఎవరు ఎత్తకపోతే ఎవరికి వెళ్ళాలన్న లెక్క అంతా అక్కడే. మన దగ్గర ఇంటర్నెట్టు, బల్లల మీద ఫోన్లు ఉంటే చాలు.

"ఫోన్లు మీరే కొనుక్కోండి సార్, ఏ సిప్ ఫోనైనా పనిచేస్తుంది" అన్నాడు సేల్స్ అబ్బాయి. బాబాయ్ నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్, నువ్వు ఈసీఈ కదా, ఏవి కొనాలో చూడు."

నేను చూశాను. ఒక సెకండ్ హ్యాండ్ డీలరు దగ్గర మంచి కంపెనీ ఫోన్లు, కలర్ స్క్రీన్లతో, ఒక్కోటి 2,500కి దొరికాయి. కొత్తదైతే దానికి మూడు నాలుగు రెట్లు. స్పెసిఫికేషన్లలో "సిప్" అని స్పష్టంగా ఉంది. ఆరు తెప్పించాను. తెరిచి, కేబులు పెట్టి, ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఎవరిదో, మాకు ఏ సంబంధమూ లేని వేరే సర్వీసు కంపెనీ లోగో వచ్చింది. కింద "లాగిన్ అవ్వండి" అని. ఆ కంపెనీలో మాకు అకౌంటే లేదు.

సేల్స్ అబ్బాయి చెప్పింది అబద్ధమేమీ కాదు. స్పెసిఫికేషను కూడా అబద్ధం కాదు. ఫోన్లకి భాష వచ్చు. మా మాట వినవు, అంతే. ఈ రెంటికీ ఉన్న తేడా నాకు తెలియకపోవడమే ఆ పదిహేను వేలు.

భాష సంగతి

ముందు భాష. సిప్ అనేది కాల్‌ని మొదలుపెట్టి, నడిపి, ముగించే ప్రోటోకాల్. ఇప్పుడు వాడుతున్న రూపం 2002లో ఆర్ఎఫ్‌సీ 3261గా వచ్చింది. మన హాస్టల్‌తో పోల్చి చెప్తాను. ఫోన్ ఆన్ అవ్వగానే సర్వర్‌కి "రిజిస్టర్" అని ఒక మెసేజి పంపుతుంది. "నేను 204 ఎక్స్‌టెన్షన్‌ని, ఈ ఐపీ అడ్రసులో ఉన్నాను, నాకు ఎవరైనా ఫోన్ చేస్తే ఇక్కడికి పంపండి" అని దాని అర్థం. వార్డెన్ ఊరికే నమ్మడు కదా. సర్వర్ 401 అని తిప్పి పంపుతూ, దాంతోపాటు ఒక అంకెల ముక్క ఇస్తుంది. ఫోన్ తన పాస్‌వర్డుని ఆ ముక్కతో కలిపి హ్యాష్ చేసి మళ్ళీ పంపుతుంది. అంటే పాస్‌వర్డు తీగ మీద నేరుగా ఎక్కడా ప్రయాణించదు. లెక్క కుదిరితే 200 ఓకే. ఈ హాజరుకి గడువుంటుంది. అది తీరేలోపు ఫోన్ మళ్ళీ వేయించుకోవాలి, లేకపోతే సర్వర్ దృష్టిలో అది రూములో లేనట్టే.

ఎవరైనా ఫోన్ చేస్తే "ఇన్వైట్" అనే మెసేజి వస్తుంది, మోగుతుంటే 180, ఎత్తితే 200, పెట్టేస్తే "బై". ఇవన్నీ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి, ఎన్‌క్రిప్షన్ పెట్టకపోతే వైర్‌షార్క్‌లో కథలా చదువుకోవచ్చు. మాట మాత్రం ఈ దారిలో పోదు. ఆర్‌టీపీ అనే వేరే దారిలో, వేరే పోర్టుల మీద పోతుంది. ఫోన్ మోగుతుంది, ఎత్తుతారు, అవతలివాళ్ళ మాట మాత్రం వినపడదు అనే ఫిర్యాదు ఇందుకే అంత తరచుగా వస్తుంది. పిలుపు చేరింది, గొంతు దారి తప్పింది. అలాంటప్పుడు ఫోన్‌ని తిట్టకుండా ముందు రౌటర్లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగు చూడండి. సాయం చేద్దామని పెట్టిన సదుపాయమే అది. మెసేజిల్లో ఉన్న అడ్రసుల్ని మధ్యలో దిద్దుతుంది, చాలాసార్లు తప్పుగా దిద్దుతుంది. క్లౌడ్ ఫోన్ సర్వీసులు చాలావరకు దాన్ని ఆపెయ్యమనే చెప్తాయి.

ఎవరి మాట వింటుంది?

ఇప్పుడు అసలు విషయం. ఆరు ఫోన్లలో ఒక్కొక్కదానికీ సర్వర్ పేరు, యూజర్ నేమ్, పాస్‌వర్డు చేత్తో కొట్టొచ్చు. అరవై ఉంటే? అందుకని ఆటో ప్రొవిజనింగ్ అని ఒక పద్ధతి పెట్టారు. ఫోన్ మొదటిసారి నెట్‌లోకి రాగానే "నా సెట్టింగులు ఎక్కడున్నాయి?" అని అడుగుతుంది. ముందు లోకల్ నెట్‌వర్క్‌లో డీహెచ్‌సీపీ సర్వర్‌ని అడగొచ్చు. ఆప్షన్ 66 అనే గడిలో ఆ అడ్రసు పెట్టడం ఆనవాయితీ. అక్కడ లేకపోతే తయారీ కంపెనీ వాళ్ళ రీడైరెక్ట్ సర్వర్ దగ్గరికి పోతుంది. అక్కడ ఒక పెద్ద పట్టిక ఉంటుంది: ఈ మ్యాక్ అడ్రసు ఫోను ఫలానా సర్వీసు కంపెనీది, అక్కడికి పంపండి అని. ఫోన్ అక్కడికెళ్ళి తన మ్యాక్ పేరుతో ఉన్న ఫైల్ దింపుకుని అందులో రాసినట్టు నడుచుకుంటుంది.

సౌకర్యమే. పెట్టె తెరిచి కేబులు పెడితే చాలు, ఫోన్ తనంతట తనే సిద్ధమవుతుంది. కానీ ఆ పట్టికలో పేరు మార్చకుండా పాత యజమాని ఫోన్లు అమ్మేస్తే? నేను కొన్నవి అవే. ఎన్నిసార్లు ఫ్యాక్టరీ రీసెట్ చేసినా లేచి, కంపెనీ సర్వర్ని అడిగి, పాతవాళ్ళ గుమ్మం ముందుకే వెళ్ళి నిలబడుతున్నాయి. మా తాతయ్య అమ్మేసిన గేదె రెండు రోజులు వరసగా సాయంత్రానికి మా దొడ్లోకే వచ్చిందని చెప్పేవాడు, అలా.

దీనికి ఒక విరుగుడు ఉంది. ఇంటర్నెట్ లేకుండా, ఒక్క స్విచ్చి, లాప్‌టాపు మాత్రం పెట్టుకుని రీసెట్ చేసి, ఆ రీడైరెక్ట్ సెట్టింగుని ఆపి, తరవాత నెట్ ఇవ్వాలి. ఆరింటిలో రెండు అలా దారికొచ్చాయి. మిగతా నాలుగు రీసెట్ చెయ్యడానికే అడ్మిన్ పాస్‌వర్డు అడిగాయి. అది పాత సర్వీసువాళ్ళ దగ్గర ఉంటుంది. డీలరుకి ఫోన్ చేస్తే "మేం పవర్ ఆన్ అవుతుందో లేదో మాత్రమే చెక్ చేస్తాం" అన్నాడు. రశీదు వెనక అదే రాసుంది కూడా, సన్నక్షరాల్లో.

అందుకే సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు అడగాల్సింది "పనిచేస్తుందా?" అని కాదు. "మ్యాక్ అడ్రసు పాత అకౌంటు నుంచి విడిపించారా? అడ్మిన్ పాస్‌వర్డు ఇస్తారా?" అని. ఈ రెంటికీ జవాబు రాతపూర్వకంగా రాకపోతే ఎంత చవకైనా వదిలెయ్యండి.

కొత్తవి కొన్నా ఈ ప్రశ్న పోదు, రూపం మారుతుందంతే. సిస్కో 7841 అనే ఫోన్ తీసుకోండి. చూడ్డానికి ఒకటే మోడలు. కానీ లోపల రెండు రకాల ఫర్మ్‌వేర్‌లు ఉంటాయి. ఒకటి సిస్కో సొంత కాల్ మేనేజర్‌తో నడిచే ఎంటర్‌ప్రైజ్ రకం. ఇంకోటి ఇతరుల క్లౌడ్ సర్వీసులతో నడిచే మల్టీప్లాట్‌ఫామ్ రకం, దీని పార్ట్ నంబర్‌లో "3పీసీసీ" అని ఉంటుంది. మొదటి దాన్ని రెండో దానిగా మార్చడానికి లైసెన్సు కావాలి. ఫోటో చూసి కొన్నవాడికి ఈ తేడా బిల్లు కట్టాకే తెలుస్తుంది.

మైక్రోసాఫ్ట్ టీమ్స్‌తో ఫోన్ వ్యవస్థ పెట్టుకున్న ఆఫీసులది మరో కథ. టీమ్స్ ఫోన్ అని అమ్మేవాటిలో చాలావరకు లోపల ఆండ్రాయిడ్ మీద టీమ్స్ యాప్ నడుస్తుంటుంది. మామూలు సిప్ ఫోన్లు నేరుగా దానికి తగలవు. సిప్ గేట్‌వే అనే దారి ఒకటి తెరిచారు, కానీ దానికీ పనికొచ్చే మోడళ్ళ జాబితా వేరే ఉంది, సదుపాయాలూ తక్కువ. స్కైప్ ఫర్ బిజినెస్ ఆన్‌లైన్‌ని 2021 జూలై 31న ఆపేశారు. దానికోసం కొన్న ఫోన్లలో ఏది ఇంకా పనికొస్తుందో మోడలు మోడలుకీ జాబితాలో వెతుక్కోవాల్సిందే.

కాబట్టి వరస ఇది: ముందు సర్వీసు, తరవాత వాళ్ళ సపోర్టు జాబితా, చివర్లో ఫోను. నేను తలకిందులుగా చేశాను. జాబితాలో కూడా ఒక మెలిక ఉంటుంది. "సర్టిఫైడ్" అంటే వాళ్ళే పరీక్షించారు, వాళ్ళ పోర్టల్లో మ్యాక్ కొడితే ఫోన్ తయారైపోతుంది, చెడితే సపోర్టువాళ్ళు ఎత్తుతారు. "మీ సొంత ఫోన్ తెచ్చుకోవచ్చు" అంటే సర్వర్ పేరు, పాస్‌వర్డు ఇస్తారు, మిగతాది మీ తిప్పలు. రెండోది మోసమేమీ కాదు. ఆ తిప్పలు పడటానికి ఇంట్లో మనిషి ఉన్నాడా లేదా అన్నదే లెక్క. మా బాబాయ్‌కి నేనున్నాను, అదీ సెలవుల్లో మాత్రమే.

దారికొచ్చిన ఆ రెండింటిలో ఒకటి ఇంకో రోజు తినేసింది. మా సర్వీసు టీఎల్ఎస్ మీద, అంటే ఎన్‌క్రిప్షన్‌తోనే రిజిస్టర్ అవ్వమంటుంది. ఫోన్‌లో ఉన్నది పాత ఫర్మ్‌వేర్. సర్వర్ చూపించే సర్టిఫికెట్‌ని నమ్మాలంటే దాన్ని ఇచ్చినవాళ్ళ మూల సర్టిఫికెట్ ఫోన్ లోపల ఉండాలి, అది లేదు. 2021 సెప్టెంబరు 30న డీఎస్‌టీ రూట్ ఎక్స్3 అనే పాత మూల సర్టిఫికెట్ గడువు తీరినప్పుడు పాత పరికరాలు చాలా చోట్ల ఇలాగే మొరాయించాయి. మా ఫోన్‌కి అదృష్టవశాత్తూ కొత్త ఫర్మ్‌వేర్ దొరికింది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన మోడలైతే అదీ ఉండదు. ఏ ఫోన్ కొన్నా అది ఎండ్ ఆఫ్ లైఫ్ జాబితాలోకి వెళ్ళిందేమో కంపెనీ సైట్లో చూడటం ఐదు నిమిషాల పని.

కరెంటు, కేబులు, ఎక్స్‌రే

ఇక్కడి నుంచి విషయం తేలికే, కానీ డబ్బు పోయేది ఇక్కడ కూడా.

డెస్క్ ఫోన్‌కి కరెంటు రెండు రకాలుగా ఇవ్వొచ్చు. అడాప్టరుతో, లేదా నెట్‌వర్క్ కేబులులోంచే, దాన్ని పీఓఈ అంటారు. మన ఊళ్ళలో కరెంటు సంగతి తెలిసిందే కదా. ఆరు బల్లల దగ్గర ఆరు అడాప్టర్లు పెడితే కరెంటు పోయినప్పుడు ఆరు ఫోన్లూ పోతాయి. ఒక పీఓఈ స్విచ్చి, రౌటరు రెండూ ఒకే యూపీఎస్ మీద పెడితే అన్నీ బతికే ఉంటాయి. నా ఓటు పీఓఈకే.

కానీ మోడలు పేరు చివర ఒక్క అక్షరంతో ఇది మారిపోతుంది. గ్రాండ్‌స్ట్రీమ్ జీఆర్‌పీ2601కి పీఓఈ లేదు, 2601పీకి ఉంది. యీలింక్ టీ31 కుటుంబంలోనూ అంతే, "పీ" ఉంటే పీఓఈ, "జీ" ఉంటే పీఓఈతోపాటు గిగాబిట్ పోర్టులు. స్విచ్చి కొనేటప్పుడు 802.3ఏఎఫ్ అన్న మాట కోసం చూడండి. 2003లో వచ్చిన ఈ ప్రమాణంలో స్విచ్చి ముందు అవతల ఉన్నది పీఓఈ పరికరమేనా అని కనుక్కుని, ఆ తరవాతే కరెంటు పంపుతుంది. ఒక్కో పోర్టుకి 15.4 వాట్ల వరకు ఇవ్వగలదు. సీసీ కెమెరాల షాపుల్లో చవగ్గా దొరికేవాటిలో కొన్ని పాసివ్ రకం, అవి ఏమీ అడగవు, పంపేస్తాయి. వోల్టేజి కూడా వేరే ఉండొచ్చు. వాటిని ఫోన్‌కి తగిలించొద్దు. ఇంకోటి, ఎనిమిది పోర్టులున్నంత మాత్రాన ఎనిమిదింటికీ పూర్తి కరెంటు ఇస్తుందని కాదు, స్విచ్చికి మొత్తం బడ్జెట్ ఇంత అని ఉంటుంది. చిన్న ఫోన్లు సాధారణంగా క్లాస్ 1 లేదా 2లో ఉంటాయి, క్లాస్ 2 అంటే పరికరం దగ్గర గరిష్ఠంగా 6.49 వాట్లు. ఆరు ఫోన్లకి నలభై వాట్ల లోపే. అరవై వాట్ల స్విచ్చి మాకు హాయిగా సరిపోయింది.

ఫోన్ వెనక రెండు పోర్టులుంటాయి. ఒకటి గోడ నుంచి వచ్చే కేబులుకి, రెండోది పక్కన ఉన్న కంప్యూటరుకి. బల్లకి ఒక్క కేబులే ఉన్నప్పుడు ఇది వరమే. కానీ ఫోన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌ది అయితే దాని వెనక ఉన్న కంప్యూటరు కూడా 100కే పరిమితం. బిల్లులు కొట్టే కంప్యూటరుకి ఏ ఇబ్బందీ లేదు. ఎక్స్‌రే గదిలోది మాత్రం పెద్ద పెద్ద ఫైళ్ళు సర్వర్లోకి ఎక్కిస్తుంటుంది. అక్కడ ఫోన్ వెనక కంప్యూటరు పెట్టగానే టెక్నీషియను "నిన్నటిదాకా బానే ఉందిగా" అని మొదలుపెట్టాడు. ఆ ఒక్క గదికి గిగాబిట్ ఫోన్ తీసుకున్నాం. మిగతా ఐదింటికి అనవసరం.

ఇంటర్నెట్ స్పీడు ఎంత కావాలి అని అందరూ అడుగుతారు. లెక్క మనమే వెయ్యొచ్చు, ఇది సెకండియర్ పాఠమే. జీ.711 కోడెక్‌లో సెకనుకి 8,000 శాంపిళ్ళు, ఒక్కోటి 8 బిట్లు, అంటే 64 కేబీపీఎస్. ఇరవై మిల్లీసెకన్లకి ఒక ప్యాకెట్టు అనుకుంటే అందులో 160 బైట్ల మాట. దాని నెత్తిన ఆర్‌టీపీ 12, యూడీపీ 8, ఐపీ 20, ఈథర్‌నెట్ 18 బైట్లు. మొత్తం 218 బైట్లు, సెకనుకి 50 సార్లు. 87 కేబీపీఎస్ చిల్లర. ఆరుగురూ ఒకేసారి మాట్లాడినా అర ఎంబీపీఎస్ కొద్దిగా దాటుతుంది, ఒక్కో వైపు. ఈ రోజుల్లో ఏ కనెక్షనైనా చాలు. సమస్య స్పీడు కాదు, క్యూ. ఎక్స్‌రే ఫైలు ఊరి బయట ఉన్న రేడియాలజిస్టుకి అప్‌లోడ్ అవుతున్నంతసేపూ మాట ప్యాకెట్లు దాని వెనక లైన్లో నిలబడతాయి. అప్పుడు అవతలివాళ్ళకి మన మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ఎంత ఖరీదైన ఫోన్ పెట్టినా ఇది పోదు. రౌటర్లో మాటకి ముందు దారి ఇవ్వాలి.

హెచ్‌డీ వాయిస్ అని పెట్టె మీద రాస్తారు కదా, దాని గురించి ఒక్క మాట. పాత పద్ధతిలో 3,400 హెర్ట్జ్ పైన ఉన్న శబ్దం పోతుంది. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలు చెప్పేటప్పుడు "ఎస్", "ఎఫ్" కలిసిపోయేది అందుకే. శాంపిల్ నంబర్లు చదివే ల్యాబులో ఇది చిన్న విషయం కాదు. జీ.722 కోడెక్ 7,000 హెర్ట్జ్ దాకా తెస్తుంది, తేడా బాగా తెలుస్తుంది. కానీ అది మన లోపలి కాల్స్‌లోనే నమ్మకంగా దొరుకుతుంది. బయట మొబైల్ నుంచి వచ్చే పేషెంటు కాల్ మధ్యలో ఎక్కడో మామూలు కోడెక్‌కి దిగే అవకాశమే ఎక్కువ. ఇప్పుడొచ్చే చిన్న ఫోన్లలో కూడా జీ.722 ఉంటోంది, దానికోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టక్కర్లేదు.

అక్క చెప్పిన పాఠం

ఇంత చదివాక నాకొక అనుమానం వచ్చింది. అసలు డెస్క్ ఫోన్లు ఎందుకు? సర్వీసువాళ్ళ మొబైల్ యాప్ ఉంది, ఉచితం. రిసెప్షన్లో ఉండే అక్కని అదే అడిగాను.

"తమ్ముడూ, ఒక పూట ఇక్కడ కూర్చుని చూడు" అంది.

కూర్చున్నాను. ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా పరగడుపు శాంపిళ్ళ రద్దీ. ఆవిడ ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ఒక చేత్తో రశీదు రాస్తూ, ఇంకో చేత్తో చిల్లర ఇస్తోంది. చదునుగా ఉండే మొబైల్ భుజం మీద నిలబడదు. పైగా ఆవిడకి పైన డాక్టరు గారు ఫోన్‌లో ఉన్నారో లేదో చూపించే లైటు కావాలి. పాత ఈపీఏబీఎక్స్‌లో అది ఉండేది. అది లేకపోతే ప్రతిసారీ పేషెంటుని హోల్డ్‌లో పెట్టి, పైకి కొట్టి, ఎంగేజ్ వచ్చి, మళ్ళీ కిందికి రావాలి.

ఆ లైటుని బీఎల్ఎఫ్ అంటారు. ఫోన్ సర్వర్‌కి చందా కట్టినట్టు "201 గురించి నాకు కబురు పంపుతూ ఉండు" అని చెప్తుంది, సర్వర్ పరిస్థితి మారినప్పుడల్లా పంపుతుంది. దీనికీ ప్రమాణం ఉంది, ఆర్ఎఫ్‌సీ 4235. అయినా ఏ సర్వర్ ఏ ఫోన్‌కి ఎలా పంపుతుందన్న దగ్గర తేడాలొస్తాయి. మాకు దారికొచ్చిన రెండు పాత ఫోన్లలో కాల్స్ బ్రహ్మాండంగా నడుస్తున్నాయి, బీఎల్ఎఫ్ లైటు మాత్రం ఒకసారి ఎర్రగా వెలిగితే మళ్ళీ మారదు. సపోర్టుని అడిగితే "ఆ మోడలు మా జాబితాలో లేదు సార్" అన్నారు. న్యాయమే.

అందుకని ఈసారి జాబితాలోంచి ఒక్క ఫోనే కొన్నాం. రిసెప్షన్లో వారం రోజులు పెట్టి అక్కకి వదిలేశాను. ట్రాన్స్‌ఫర్ ఎన్ని మీటలతో అవుతుంది, లైటు సరిగ్గా ఆరుతోందా, కరెంటు పోయి వచ్చాక తనంతట తనే రిజిస్టర్ అవుతోందా, కాల్ మధ్యలో పదిహేను నిమిషాలకి తెగిపోతోందా, ఇవన్నీ ఆవిడే ఒక పాత రశీదు పుస్తకం వెనక రాసి పెట్టింది. వారం తరవాత అదే మోడలు ఇంకోటి, ఎక్స్‌రే గదికి గిగాబిట్‌ది ఒకటి తెప్పించాం. దారికొచ్చిన పాత రెండూ లైట్లు అక్కర్లేని చోట, శాంపిల్ గదిలోనూ స్టోర్‌లోనూ ఉన్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల మీద ఉన్న పాత అనలాగ్ ఫోన్‌ని తీసేయలేదు. గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801 అని చిన్న డబ్బా ఉంది, దానికి ఒక ఎఫ్ఎక్స్ఎస్ పోర్టు ఉంటుంది. అందులో పాత ఫోన్ తీగ గుచ్చితే అదీ క్లౌడ్ ఎక్స్‌టెన్షనే. వాచ్‌మన్ తాతకి ఏమీ మారినట్టే తెలీదు.

బాబాయ్ డబ్బుల గురించి ఏమీ అనలేదు. "పోన్లే" అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

మొండికేసిన నాలుగు ఫోన్లూ ఇప్పుడు మా హాస్టల్ రూములో ఉన్నాయి. విడిపించమని ఆ పాత సర్వీసువాళ్ళకి మ్యాక్ నంబర్లతో మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు. ఈలోగా నా లాప్‌టాపులో ఆస్టరిస్క్ వేసి, మొబైల్లో లిన్‌ఫోన్ పెట్టి, హాస్టల్ వైఫై మీద రెండు ఎక్స్‌టెన్షన్లు నడుపుతున్నాను. 401 ఎలా వస్తుందో వైర్‌షార్క్‌లో చూడాలనుకునేవాళ్ళు ఆదివారం సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని రండి. నెట్‌వర్క్ కేబులు ఉంటే అది కూడా తెచ్చుకోండి, నా దగ్గర ఒకటే ఉంది.